పీసీవీ పెరిగింది, హిమోగ్లోబిన్ కదలలేదు: ఒక డోపింగ్ అనుమానంపై కేస్ స్టడీ

నేపథ్యం

గుంటూరు వైపు ఒక ప్రైవేటు అకాడమీలో సాధన చేస్తున్న కుర్రాడి కేసు ఇది. వయసు ఇరవై లోపు. మధ్య దూరాల పరుగు. అబ్బాయి, తండ్రి, కోచ్ ముగ్గురి అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను. రక్తపరీక్ష అంకెలను మాత్రం మార్చలేదు, విషయమంతా వాటిలోనే ఉంది కనుక.

నేను విజయవాడలో ఒక ల్యాబులో పాథాలజిస్టుని. డోపింగ్ నిర్ధారణ మా పని కాదు. మన దేశంలో క్రీడాకారుల నమూనాలు సేకరించేది జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, నాడా. వాటిని పరీక్షించేది ఢిల్లీలోని జాతీయ ప్రయోగశాల వంటి, ప్రపంచ సంస్థ వాడా గుర్తింపు ఉన్న ల్యాబులు. అయితే ఈ మధ్య అకాడమీలు తమ పిల్లలకు సొంతంగా రక్తపరీక్షలు చేయిస్తున్నాయి. ఒంట్లో ఇనుము తగ్గిందా, సాధన ఎక్కువైందా అని చూసుకోవడానికైతే అది మంచి అలవాటే. ఎవరు మందు వాడుతున్నారో ఆ రిపోర్టులతోనే తేల్చేయాలనుకుంటే చిక్కు వస్తుంది.

ఇక్కడి ఏర్పాటు ఇలా ఉండేది. తెల్లవారుజామున సాధనకు ముందే కలెక్షన్ సెంటర్ కుర్రాడు మైదానానికి వచ్చి రక్తం తీసేవాడు. ట్యూబులను బైకు వెనక డబ్బాలో వేసుకుని, దారిలో ఇళ్ల నుంచి తీసుకోవలసిన శాంపిళ్లన్నీ తీసుకుని, మధ్యాహ్నానికి సెంటరు చేరేవాడు. సాయంత్రం బండిలో అవి మంగళగిరి మీదుగా విజయవాడ వచ్చేవి. ఆ రాత్రో, మర్నాడు ఉదయమో ఎనలైజర్ (రక్తకణాలను లెక్కించే యంత్రం) ఎక్కేవి. గుంటూరుకూ విజయవాడకూ మధ్య 35 కిలోమీటర్లే కాబట్టి దారిలో ఏదో జరిగిందని ఎవరికీ తట్టదు. ఫారంలో తేదీ ఉండేది, రక్తం తీసిన సమయం రాయవలసిన గడి ఖాళీగా ఉండేది.

కోచ్ తెచ్చిన ప్రశ్న

కోచ్ రెండు రిపోర్టులు పట్టుకుని నా గదికి వచ్చారు. జనవరిది: హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 15.0 గ్రాములు, పీసీవీ (రక్తంలో ఎర్ర కణాలు ఆక్రమించే వంతు) 45.1 శాతం, రెటిక్ కౌంట్ (ఎర్ర కణాల్లో కొత్తవాటి వంతు) 1.0 శాతం. మే నెలది: హిమోగ్లోబిన్ 15.1, పీసీవీ 48.6, రెటిక్ కౌంట్ 0.6 శాతం. ఈ మధ్యలో అబ్బాయి టైమింగ్ బాగా మెరుగైంది.

"మేడమ్, ఈపీఓ పరీక్ష మీ దగ్గర అవుతుందా?" అన్నారు నేరుగా.

ఆయనది గాలివాటు అనుమానం కాదు, చదువుకుని వచ్చారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 1997లో పురుషులకు పీసీవీ 50 శాతం హద్దు పెట్టిందని, అది దాటిన వాళ్లను పోటీకి దిగనివ్వలేదని ఆయనకు తెలుసు. 48.6 ఆ హద్దుకు దగ్గరగా కనిపించింది. అంతకంటే బలమైన ఆధారం రెటిక్ కౌంట్‌ది. ఈపీఓ అంటే ఎర్ర కణాల తయారీని పెంచే హార్మోన్. ఆ ఇంజెక్షన్లు తీసుకుంటున్నంత కాలం ఎముక మజ్జ కొత్త ఎర్ర కణాలను గబగబా వదులుతుంది. ఇంజెక్షన్లు ఆపగానే, రక్తంలో కణాలు అప్పటికే ఎక్కువై ఉన్నందువల్ల మజ్జ పని తగ్గించుకుంటుంది, కొత్త కణాలు, అంటే రెటిక్యులోసైట్లు, తగ్గిపోతాయి. హిమోగ్లోబిన్‌నూ రెటిక్ శాతాన్నీ కలిపి చూసే లెక్కను ఆఫ్ స్కోర్ అంటారు. హిమోగ్లోబిన్‌ను లీటరుకు గ్రాముల్లో తీసుకుని, రెటిక్ శాతపు వర్గమూలాన్ని 60తో గుణించి అందులోంచి తీసేయాలి. కోచ్ ఆ లెక్క కూడా వేసుకొచ్చారు. జనవరిలో 150 నుంచి 60 పోగా 90. మేలో 151 నుంచి 46.5 పోగా 104.5. మందు వాడి, పోటీకి ముందు ఆపేసిన మనిషి స్కోరు ఇలాగే పైకి లేస్తుంది.

అంకెలను అలా పక్కపక్కన పెడితే ఆయన వాదన అతికినట్టే ఉంది. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. ఎండకు చెడిన రక్తం ఎటు పడితే అటు చెడదు. సరిగ్గా డోపింగ్ ఆపిన మనిషి రక్తంలా కనిపించే వైపుకే చెడుతుంది.

మొదట చూసినవి

పీసీవీ పెరగడానికి మూడే దారులు. ఎర్ర కణాల సంఖ్య నిజంగా పెరగాలి, లేదా ప్లాస్మా (రక్తంలోని ద్రవ భాగం) తగ్గాలి, లేదా ఉన్న కణాలే ఉబ్బాలి. మొదటిది ఈపీఓ దారి, రక్తం ఎక్కించుకున్నా అదే. రెండోది ఒంట్లో నీరు తగ్గినప్పుడు, చాలాసేపు నిలబడ్డాక తీసిన రక్తంలోనూ కనిపిస్తుంది. అందుకే వాడా నియమాల్లో క్రీడాకారుణ్ని కనీసం పది నిమిషాలు కూర్చోబెట్టిన తర్వాతే రక్తం తీయాలని, సాధనో పోటీయో ముగిశాక కొంత వ్యవధి ఆగాలని ఉంటుంది. ఈ రెండు దారుల్లోనూ హిమోగ్లోబిన్ కూడా పెరిగి తీరాలి. కణాలు ఎక్కువైతే వాటిలోని హిమోగ్లోబిన్ ఎక్కడికి పోతుంది?

ఇక్కడ హిమోగ్లోబిన్ 15.0 నుంచి 15.1కి వచ్చింది, అంటే కదలనట్టే లెక్క. నిజానికి ఎండల్లో సాధన చేసేవారిలో ప్లాస్మా కొంత పెరుగుతుంది కనుక మే నెలలో హిమోగ్లోబిన్ కాస్త తగ్గి ఉన్నా ఆశ్చర్యపోను. మిగిలింది మూడో దారి. కణం సగటు పరిమాణం ఎంసీవీ జనవరిలో 86 ఉంటే మేలో 92. కణంలో హిమోగ్లోబిన్ గాఢత ఎంసీహెచ్‌సీ 33.3 నుంచి 31.1కి పడింది. కణాల సంఖ్య దాదాపు మారలేదు. ఎనలైజర్ పీసీవీని నేరుగా కొలవదు, కణాల సంఖ్యను ఎంసీవీతో గుణించి చెబుతుంది. కణం ఉబ్బితే రక్తంలో ఒక్క కణం కూడా పెరగకుండానే పీసీవీ పెరుగుతుంది. ట్యూబులో నిలవ ఉన్న రక్తంలో జరిగేది ఇదే. కణానికి శక్తి అడుగంటుతుంది, ఉప్పును బయటికి నెట్టే పంపులు నీరసిస్తాయి, ఉప్పు వెంట నీరు లోపలికి చేరుతుంది. ఎండ ఈ పనిని తొందర చేస్తుంది.

అదే రోజు సీరం కోసం తీసిన మామూలు ట్యూబు ఫలితాలు తెప్పించుకున్నాను. షుగర్ 38, పొటాషియం 6.3, సీరం మాత్రం ఎర్రబడలేదు, అంటే కణాలు పగల్లేదు. షుగర్ 38 ఉన్న మనిషికి కళ్లు తిరగాలి. ఈ అబ్బాయి రక్తమిచ్చి ఆ ఉదయమే పరుగు సాధన పూర్తి చేశాడు. సెంట్రిఫ్యూజ్ చేయకుండా (గిర్రున తిప్పి సీరాన్ని వేరు చేయకుండా) ఉంచిన రక్తంలో కణాలు చక్కెరను తినేస్తూనే ఉంటాయి; మామూలు గది వేడిలోనే గంటకు సుమారు 5 నుంచి 7 శాతం పోతుంది. చక్కెర అయిపోయాక పొటాషియం బయటికి కారుతుంది.

మే నెల స్లైడు బీరువాలో ఉంటే తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. న్యూట్రోఫిల్ కేంద్రకంలోని లంబికల మధ్య సన్నని దారాలు తెగిపోయి, నల్లటి గుండ్రటి చుక్కలుగా విడివిడిగా ఉన్నాయి. లింఫోసైట్లు కొన్ని అలికినట్టు అయిపోయాయి. ఎర్ర కణాల అంచులు రంపంలా ఉన్నాయి. ఏ జబ్బూ లేని కుర్రాడి తాజా రక్తంలో ఇవేవీ ఉండవు.

రెటిక్ కౌంట్ గురించి ఇంకో మాట. ఆ పరీక్షను మన ఊళ్లలో చాలా ల్యాబులు ఇప్పటికీ న్యూ మిథిలీన్ బ్లూ రంగు వేసి, స్లైడు మీద కళ్లతో లెక్కబెట్టి చేస్తాయి. వెయ్యి కణాలు లెక్కబెడితే ఒక శాతం అంటే పది కణాలు. పది లెక్కలో మూడు అటూ ఇటూ కావడం గణితం ప్రకారమే సహజం. అంటే 1.0కీ 0.6కీ మధ్య తేడాలో చాలా భాగం లెక్కబెట్టినవారి కంటికే పోవచ్చు. దానిమీద, వెచ్చగా ఉంచిన ట్యూబులో రెటిక్యులోసైట్లు పెరిగి పెద్దవై మామూలు కణాలవుతాయి, లెక్కలోంచి తప్పుకుంటాయి. చలిలో ఉంచితే ఈ మార్పు చాలా నెమ్మది. అసలు డోపింగ్ ల్యాబుల్లో ఈ లెక్కను యంత్రంతో రెండుసార్లు చేస్తారు. రెండూ నిర్దేశించిన తేడాలోపు రాకపోతే మళ్లీ మొదటికి వస్తారు.

ఫలించని ప్రయత్నాలు

నా అనుమానం ట్యూబు మీదకు మళ్లినా, అనుమానంతో ఒకరి మీద మచ్చ చెరిగిపోదు. మొదట యంత్రాన్ని పరిశీలించాం. రోజువారీ కంట్రోళ్లన్నీ, అంటే విలువ ముందే తెలిసిన నమూనాలతో చేసే పరీక్షలన్నీ, హద్దుల్లోనే ఉన్నాయి. ఇది చాలామందిని బోల్తా కొట్టించే చోటు. కంట్రోల్ సీసా మా ఫ్రిజ్‌లోంచి వస్తుంది, గుంటూరు నుంచి బైకు మీద రాదు. యంత్రం ఇచ్చిన రక్తాన్ని సరిగ్గానే కొలిచింది. ఆ ఇచ్చిన రక్తం సంగతి దానికి తెలియదు.

ఈలోగా అకాడమీ వాళ్లు నన్ను అడగకుండానే రెండోసారి రక్తం పంపారు, అదే మనిషితో, అదే దారిలో. పీసీవీ 48.9, హిమోగ్లోబిన్ 15.0. "రెండోసారీ అదే వచ్చింది మేడమ్, ఇక పొరపాటు అనడానికి లేదు" అని కోచ్ ఫోను. పరీక్ష మళ్లీ చేయిస్తే నిజం తేలుతుందనేది అందరికీ ఉన్న నమ్మకం. లోపం దారిలో ఉన్నప్పుడు అదే దారిలో మళ్లీ పంపితే లోపమే గట్టిపడుతుంది.

చల్లగా ఉంచి పంపమని చెప్పాను. కలెక్షన్ సెంటర్ వాళ్లు డీప్ ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన జెల్ ప్యాకులను ట్యూబులకు ఆనించి, థర్మాకోల్ డబ్బాలో సర్ది పంపారు. ప్యాకుకు ఆనుకున్న వైపు రక్తం మంచులా గడ్డకట్టి కరిగింది. ఫలితం: హిమోగ్లోబిన్ 15.0, పీసీవీ 40.5, ఎంసీహెచ్‌సీ 37. ట్యూబును కాసేపు నిలబెడితే పైన తేరిన ప్లాస్మా ఎర్రగా ఉంది. కణాలు పగిలి వాటి సంఖ్య పడిపోయింది. హిమోగ్లోబిన్ పరీక్షలో ఎలాగూ కణాలన్నిటినీ పగలగొట్టే కొలుస్తారు కాబట్టి ఆ అంకె చెక్కుచెదరలేదు. పగిలిన రక్తంతో ఇంకేమీ చెప్పలేమని ఫలితం ఆపమన్నాను, కానీ అంకెలు అప్పటికే ఫోనులో వెళ్లిపోయాయి. కోచ్ వాటిని తనకు తోచినట్టు చదువుకున్నారు: పీసీవీ 48.9 నుంచి 40.5కి పడిందంటే, సంగతి బయటపడిందని తెలిసి కుర్రాడు మందు మానేశాడు! అకాడమీలో ఆ సాయంత్రమే అబ్బాయి గది వెతికారట. ఏమీ దొరకలేదు. దొరకకపోవడాన్ని కూడా అతని తెలివి ఖాతాలోనే వేశారు.

ఒకే చేతి రక్తం

ఇక గుంటూరు నుంచి తెప్పించడం మానేసి, అబ్బాయినే విజయవాడ రమ్మన్నాను. తండ్రీ వచ్చారు, కోచ్‌నూ తప్పకుండా రమ్మన్నాను. పరీక్ష ఆయన కళ్ల ముందు జరగకపోతే ఫలితాన్ని ఆయన నమ్మరు. మా టెక్నీషియన్ కూడా తన రక్తం ఇస్తానన్నాడు. ఇది ముఖ్యం. ఈపీఓ మొహం చూడని మనిషి రక్తం కూడా అదే తీరున మారితే వాదన అక్కడితో ఆగుతుంది.

ఇద్దరినీ కూర్చోబెట్టి, ఒకే సూది గుచ్చుతో, రక్తకణాల పరీక్షకు వాడే ఊదా మూత ట్యూబులు కొన్ని చొప్పున నింపాం. అక్కడికక్కడే స్లైడ్లు గీశాం. ఒక ట్యూబును వెంటనే యంత్రంలో పెట్టాం. ఒకటి ఫ్రిజ్‌లో ఉంచాం. ఒకదాన్ని వేడిని నమోదు చేసే పరికరం, టెంపరేచర్ లాగర్‌తో కలిపి బైకు డబ్బాలో వేసి, సెంటరు కుర్రాడు రోజూ తిరిగే రౌండుకే పంపాం; ఎప్పటిలాగే తిరిగి, ఎప్పటిలాగే బండిలో రావాలి, మర్నాడు ఉదయం పరీక్ష. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, సరిగ్గా ఆ రోజులవి.

అబ్బాయి ఫలితాలు ఇవి. వెంటనే చేసిన ట్యూబు: హిమోగ్లోబిన్ 15.1, పీసీవీ 45.0, ఎంసీవీ 86. ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు చేసింది: 15.1, 45.4, 87. బైకెక్కిన ట్యూబు: 15.1, 48.9, 93. జనవరి అబ్బాయి, మే అబ్బాయి ఇద్దరూ ఒకే పూట ఒకే చేతిలోంచి వచ్చారు. టెక్నీషియన్ రక్తమూ ఇదే వరసలో నడిచింది. అతని పీసీవీ చూసి, "నన్ను కూడా సస్పెండ్ చేస్తారా సార్?" అని కోచ్‌ను అడిగాడు. కోచ్ నవ్వలేదు.

లాగర్ గీత చూస్తే డబ్బా లోపల వేడి 44 డిగ్రీల దాకా వెళ్లింది, అదీ బండి ఆగి ఉన్న వేళల్లో. మొత్తం 22 గంటల సగటు 36. వాడా నియమాల్లో రక్తం నిలకడకు ఒక స్కోరు ఉంది: సగటు ఉష్ణోగ్రతను 3తో గుణించి, రక్తం తీసినప్పటి నుంచి పరీక్ష చేసేదాకా పట్టిన గంటలు కలపాలి. మొత్తం 85 దాటకూడదు. చల్లగా పంపే నమూనాల కోసం పెట్టిన లెక్క అది. 4 డిగ్రీల సగటు అయితే 73 గంటల వ్యవధి దొరుకుతుంది, 15 అయితే 40 గంటలు. గన్నవరంలో విమానమెక్కి ఢిల్లీ చేరడానికి ఇది చాలినంత సమయం. మన ట్యూబుకు వేస్తే 108కి 22 కలిపి 130. అసలు సగటు 28.3 డిగ్రీలు దాటిందంటే ఒక్క గంట గడవకముందే 85 నిండిపోతుంది. మే నెలలో మన దగ్గర తెల్లవారుజామున కూడా అంత వేడి ఉండే రోజులున్నాయి.

క్రీడాకారుడి రక్తపు అంకెలను కాలక్రమంలో పోల్చి చూసే డోపింగ్ పాస్‌పోర్టులో పీసీవీని పక్కనబెట్టి హిమోగ్లోబిన్, ఆఫ్ స్కోర్ల మీద ఆధారపడటానికి ఒక పెద్ద కారణం ఇదే. హిమోగ్లోబిన్ నిలవలో నిలబడుతుంది, పీసీవీ నిలబడదు. అయినా ఆఫ్ స్కోరుకు రెటిక్ వైపు నుంచి దెబ్బ తగలవచ్చు. హిమోగ్లోబిన్ 150 దగ్గరే ఉండి, రెటిక్ 1.0 నుంచి 0.5కి పడితే చాలు, స్కోరు 90 నుంచి 107.6కి లేస్తుంది. ప్రతి నమూనా వెంటా లాగర్ ఉండాలని నియమం పెట్టింది అందుకే.

తండ్రికి ఇదంతా చెప్పడానికి నేను మాటలు వెతుక్కుంటుంటే ఆయనే అందుకున్నారు. మిర్చి పండించే కుటుంబం. "కోల్డ్ స్టోరేజీలో పెట్టని మిర్చికి రంగు పోతుంది అమ్మా. రంగు పోయిందని విత్తనం కల్తీదంటే ఎట్లా?" అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేను.

మార్చినవి

గుంటూరు వైపు నుంచి వచ్చే క్రీడాకారుల శాంపిళ్లకు ఏర్పాటు మార్చాం. ట్యూబు మీద రక్తం తీసిన గంట, నిమిషం రాయనిదే తీసుకోం. జెల్ ప్యాకులను ఫ్రీజర్‌లోంచి తీసి, పైన చెమట పట్టేదాకా బయట ఉంచాకే డబ్బాలో పెట్టాలి, ట్యూబులకూ వాటికీ మధ్య అట్ట ఉండాలి. డబ్బాలో లాగర్ ఉంటుంది. రౌండు ముగిసేదాకా ఆగకుండా ఉదయమే విజయవాడ పంపాలి. సీరం ట్యూబును సెంటరులోనే సెంట్రిఫ్యూజ్ చేసి పంపాలి. దాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టేస్తే చలికి కూడా పొటాషియం కారుతుంది, చల్లబరచడం ప్రతిదానికీ మందు కాదు. చల్లటి ట్యూబును వచ్చీరాగానే యంత్రంలో పెట్టకూడదు. గది వేడికి రానిచ్చి, రోలర్ మీద పావుగంట కలపాలి. లేకపోతే అడుగున చేరిన కణాలు పైకి రావు, హిమోగ్లోబిన్‌కే ఎసరు వస్తుంది.

రిపోర్టు వైపు ఒక్క మార్పు. పాత ఫలితంతో పోల్చినప్పుడు హిమోగ్లోబిన్ అలాగే ఉండి, ఎంసీవీ పెరిగి, ఎంసీహెచ్‌సీ తగ్గితే కంప్యూటర్ దాన్ని ఆపుతుంది. టెక్నీషియన్ సెంటరుకు ఫోను చేసి ట్యూబు ఎప్పుడు తీశారో, ఎక్కడ ఉంచారో అడిగాకే విడుదల చేస్తాడు.

కొత్త పద్ధతిలో, ఎండలు తగ్గకముందే, గుంటూరు నుంచి వచ్చిన అబ్బాయి రక్తం: హిమోగ్లోబిన్ 14.8, పీసీవీ 44.3, ఎంసీవీ 86, రెటిక్ కౌంట్ 1.0.

తేలనిది, తేలింది

"అయితే వీడు ఏమీ వాడలేదని రాసిస్తారా?" అన్నారు కోచ్. రాయలేదు. మే నెల ట్యూబు ఈ అబ్బాయికి వ్యతిరేకంగా ఏమీ చెప్పలేదు, అనుకూలంగానూ ఏమీ చెప్పలేదు. చిన్న మోతాదుల్లో ఈపీఓ తీసుకునేవాళ్లను సీబీసీతో, అంటే ఈ రక్తకణాల పరీక్షతో, పట్టుకోలేం. ఎవరూ వాడలేదని సీబీసీతో నిరూపించనూ లేం. నిజంగా అనుమానం ఉంటే నాడాకు చెప్పుకోవాలి, వాళ్లు నియమం ప్రకారం నమూనా తీసుకుంటారు, అబ్బాయికి తన వాదన వినిపించే హక్కూ ఉంటుంది. గది వెతకడంలో అవేవీ లేవు. ఈ చివరి మాట ఆయనకు నచ్చలేదు. నేను ఇచ్చింది సవరించిన రిపోర్టు మాత్రమే: మే నెల నమూనాలు వేడిలో నిలవ ఉన్నందువల్ల పీసీవీ, ఎంసీవీ, రెటిక్, షుగర్, పొటాషియం ఫలితాలకు పనికిరావు, హిమోగ్లోబిన్ వరకు తీసుకోవచ్చు.

ఆ ఫైలులోనే ఎవరూ పట్టించుకోని అంకె ఒకటి ఉంది. ఒంట్లో ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్, మే నెలలో 14. పరిగెత్తే కుర్రాడికి అది తక్కువ. తాజా రక్తంలో చూస్తే 15 వచ్చింది. హిమోగ్లోబిన్ ఇంకా తగ్గకపోయినా ఇనుము నిల్వలు అడుగంటుతున్నాయన్నమాట. తండ్రి వెంటనే, "ఐరన్ సెలైన్ ఎక్కిద్దామా అమ్మా, తొందరగా పనిచేస్తుందట కదా?" అన్నారు. ఇనుము నిషేధిత పదార్థం కాదు. కానీ ఆసుపత్రి చికిత్స వంటి కొన్ని సందర్భాల్లో తప్ప, పన్నెండు గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరంలోకి ఎక్కించుకోవడం వాడా జాబితాలో నిషేధం. పోటీ లేని రోజుల్లో కూడా. వీధి చివర క్లినిక్‌లో నీరసానికి ఎక్కించే సెలైన్ సీసా ఆ లెక్కకు అయిదింతలు ఉంటుంది. మాత్రలే రాశాను, మందు పేరు, మోతాదు ఉన్న చీటీ నకలు ఒకటి కోచ్‌కు ఇచ్చి పంపాను.